సుత్తి పుట్టిన సినిమా

జూన్ 19 సినీ దర్శకుడు, రచయిత జంధ్యాల వర్ధంతి. ఆ తేదీ దగ్గరపడుతోందంటే నాకు మాకవరపాలెంలో నర్సీపట్నం బస్సెక్కిన సాయంత్రమే గుర్తొస్తుంది. పక్క సీటులో కాలేజీ కుర్రాడు ఫోన్‌లో స్నేహితుడితో అంటున్నాడు: ‘‘గంట నుంచి ఒకటే సుత్తిరా బాబూ!’’ ఆ మాటను అంత తేలిగ్గా వాడేస్తున్నాడంటే నాకెంత సంబరమో!

మనకు నవ్వు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా ఎన్ని తరాలను నవ్వించారో! మన అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో రంగమెక్కింది. గిరీశం దగ్గర చుట్ట కాల్చడం నేర్చిన వెంకటేశమే మన కుర్రకారు హాస్యానికి పెద్దన్న. 1955లో ఆ నాటకం సినిమాగానూ వచ్చింది.

ఇక 1982. జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’. పేరు పిల్లల ఆటది, కథ నలుగురు యువతీ యువకుల ప్రేమల చిక్కుముడి. బాలనటుడిగా కనిపించిన నరేశ్ ఇందులో హీరో. ఇందులోనే నటించిన తులసి ఎవరనుకున్నారు? జంధ్యాల మాటలు రాసిన ‘శంకరాభరణం’లో శంకరంగా కనిపించిన పిల్లే!

ఆ ప్రేమల కన్నీళ్ల మధ్య ఇద్దరు మనుషులు సినిమాను ఎగరేసుకుపోయారు. వీరభద్రరావుది విజయవాడ రేడియోలో పండిన గొంతు. ఎదుటివాడు దొరికితే చాలు, చెప్పిందే చెబుతూ వాయించేస్తాడు. ఆ దెబ్బలు తినేది వేలు. బక్కపలచటి మనిషి, సన్నటి గొంతు. పారిపోలేక, వినలేక మొహం చిన్నబోయి అలా నిలబడితే హాలు గొల్లుమనేది. ఈ వేలు మన విశాఖ నేవల్ డాక్‌యార్డు ఉద్యోగి, నాటకాల మనిషి. అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. 1981లో ‘ముద్దమందారం’తో ఆయనను తెరకెక్కించిందీ జంధ్యాలే. కమ్మరి కొట్టులోని సుత్తి ఇద్దరికీ ఇంటిపేరైంది. ఒక పనిముట్టు పేరుకు కొత్త అర్థం అతికించి ఊరూరా పలికించడం ఎంతమందికి సాధ్యం?

వీరభద్రరావు 1988లో, వేలు 2012లో వెళ్లిపోయారు. ఈలోగా కాలేజీ కుర్రకారు కథలతో 2000లో ‘చిత్రం’, 2007లో ‘హ్యాపీ డేస్’ వచ్చాయి. కాలేజీ మారింది, నవ్వు ముక్కలై ఫోన్లలోకి చేరింది.

ఆ రోజు కుర్రాడికి ఈ డాక్‌యార్డు కథ చెప్పాను. వెంటనే ఫోన్‌లో ఆ సుత్తి సన్నివేశాన్ని వెతికి పట్టాడు. నర్సీపట్నం కాంప్లెక్సులో బస్సు ఆగేదాకా వీరభద్రరావు గొంతు వినబడుతూనే ఉంది. కండక్టర్ టిక్కెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, ఆ కుర్రాడి భుజం మీదుగా తొంగి చూస్తూ నవ్వుతున్నాడు.