డ్రాగ్ అండ్ డ్రాప్ ప్రక్రియ - తెలుగు పాఠ్యం: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
కంప్యూటరు తెరపై ఒక వస్తువును మౌస్‌తో పట్టి, మరొకచోటికి లాగి వదలడాన్ని ‘డ్రాగ్ అండ్ డ్రాప్’ అంటారు. చూడడానికి ఇది చేతి కదలిక మాత్రమే. దీని చరిత్రను పరిశీలిస్తే మాత్రం ఇది క్రమంగా రెండు ప్రోగ్రాముల మధ్య ఒప్పందంగా రూపొందిందని తెలుస్తుంది. ఆ ఒప్పందంలో తెలుగు పాఠ్యం ఎదుర్కొన్న చిక్కును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చారిత్రక క్రమం:
1981లో వెలువడిన జిరాక్స్ స్టార్ కంప్యూటరులో వస్తువును ఎంచుకొని, కీబోర్డుపై ‘మూవ్’ మీటను నొక్కి, చేర్చవలసిన చోటును చూపవలసి ఉండేది. 1984 నాటి ఆపిల్ మెకింటాష్‌తో ఫైలు గుర్తును నేరుగా లాగి ఫోల్డరులోనో, చెత్తబుట్టలోనో వదిలే పద్ధతి సామాన్యులకు పరిచయమైంది. వెబ్ పేజీలలో ఈ సౌకర్యానికి మైక్రోసాఫ్ట్ సంస్థ 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ద్వారా ఒక నమూనాను అందించింది. 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణం రూపొందే క్రమంలో ఆ నమూనాయే ఆధారమైంది.

3. ఒప్పంద స్వరూపం:
లాగడం మొదలైనప్పుడు ‘డ్రాగ్‌స్టార్ట్’, గమ్యంపై కదులుతున్నప్పుడు ‘డ్రాగ్‌ఓవర్’, వదిలినప్పుడు ‘డ్రాప్’ అనే ఈవెంట్లు జరుగుతాయి. పాఠ్యం టైపు చేసే పెట్టెలు మినహా, పేజీలోని భాగాలు సహజంగా దేనినీ స్వీకరించవు. ప్రోగ్రామరు ‘డ్రాగ్‌ఓవర్’ దశలో ఆ నిరాకరణను రద్దు చేసినప్పుడే ‘డ్రాప్’ సాధ్యమవుతుంది. అంతవరకు గమ్యానికి వచ్చేది ఏ రకం సమాచారమో తెలుస్తుందే గాని, అందులోని విషయం తెలియదు.

4. తెలుగు పాఠ్యం:
పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాల రూపాలను రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాలపై నిలిపేవారు. మండపేటలో ‘అను’ ఫాంట్లతో కూర్చిన ఒక స్థానిక చరిత్ర గ్రంథాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు. అందులోని పేరాను సాదా పాఠ్యంగా వెబ్ పేజీలోకి లాగి వదిలితే ఈవెంట్లన్నీ సక్రమంగానే జరుగుతాయి. సంకేతాలు చేరతాయి, ఫాంటు మాత్రం వెంట రాదు. ఫలితంగా తెలుగుకు బదులు అర్థం లేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. 1991లో యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల ప్రత్యేక విభాగాన్ని కేటాయించింది. యూనికోడ్ పాఠ్యంలో అక్షరం గుర్తింపు ఫాంటుపై ఆధారపడదు కనుక ఈ నష్టం కలగదు.

5. ముగింపు:
బదిలీ సఫలమైనంత మాత్రాన పాఠ్యం సురక్షితంగా చేరినట్లు కాదు. పాత ఫాంట్లలో ఉన్న సిద్ధాంత గ్రంథాలను, స్థానిక చరిత్రలను యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో సరిచూడాలి. అలా చేయనిదే అవి తెలుగులో వెదికే పరిశోధకులకు అందవు.