చెట్టుకు వాతం చేస్తే

మనిషికి వచ్చినట్టే చెట్టుకూ వాత, పిత్త, కఫ దోషాలు వస్తాయని నమ్మి, ఏ దోషానికి ఏ లక్షణమో, ఏ మందో శ్లోకాల్లో రాసిపెట్టిన పండితుడొకాయన సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశంలో ఉన్నాడు. పేరు సురపాలుడు. భీమపాలుడనే రాజు కొలువులో వైద్యవిద్యలో మేటి. ఆయన రాసిన 'వృక్షాయుర్వేదం' రాతప్రతి ఎక్కడో ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంటే, దాన్ని తెప్పించి, ఇంగ్లిషులోకి అనువదింపజేసి, 1996లో అచ్చువేసింది మన సికింద్రాబాదులో. ఈ సంగతి తెలిశాక మిద్దెమీది టమాటా మొక్కను నేను చూసే చూపే మారిపోయింది. దాని ఆకు పండుబారితే మందు డబ్బా కోసం చెయ్యి చాచే ముందు, దీనికి ఏ దోషం చేసిందబ్బా అని ఒక క్షణం ఆగుతున్నాను.

ఆ రాతప్రతి వెంట పడిన మనిషి పేరు యశ్వంత్ లక్ష్మణ్ నేనే ('నేనే' అన్నది ఆయన ఇంటిపేరు). పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన తెగుళ్ల శాస్త్రవేత్త. అంతకుముందు 1960లలో పంత్‌నగర్‌లో ఉండగా, తరాయి ప్రాంతపు వరిని తుప్పురంగుకు తిప్పి చంపేస్తున్న ఖైరా తెగులుకు కారణం పురుగూ కాదు, శిలీంధ్రమూ కాదు, నేలలో జింకు లోటని తేల్చినవాడాయన. మొక్కకు వచ్చే ప్రతి కష్టానికీ శత్రువు బయటే ఉండాలన్న నియమమేమీ లేదని సొంత అనుభవంలో తెలుసుకున్న శాస్త్రవేత్తకు, లోపలి దోషాల గురించి చెప్పే పాత గ్రంథం మీద మనసు పోవడం నాకు ఎంతో సహజమనిపిస్తుంది. సికింద్రాబాదులో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ పెట్టి, ఉస్మానియాలో సంస్కృతం బోధించిన నళినీ సాధలే చేత ఆ గ్రంథాన్ని అనువదింపజేశారు.

ఇక సురపాలుడి దగ్గరికే వద్దాం. చెట్టు జబ్బుల్ని ఆయన రెండుగా విడదీశాడు. వాతం, పిత్తం, కఫం లోపలినుంచి పుట్టేవి. పురుగు, చలి, గాలిదెబ్బ, నిప్పు బయటినుంచి వచ్చేవి. వాతం చేసిన చెట్టు మాను సన్నబడి వంకర తిరుగుతుంది. కాండం మీదా ఆకుల మీదా బుడిపెలు లేస్తాయి. కాయ గట్టిపడి, రసమూ తీపీ తగ్గుతాయి. పిత్తం వేసవి చివర్లో పైకి తేలుతుంది: ఆకు పసుపెక్కుతుంది, కాయలు పండకముందే రాలిపోతాయి. కఫం చలికాలంలో, వసంతంలో. చెట్టు గిడసబారి, పాలిపోయి, కాపుకు రావడానికి ఏళ్లు తీసుకుంటుంది. వచ్చిన పండుకు రుచి ఉండదు.

కఫానికి ఆయన చెప్పిన వైద్యం చూడండి. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని తీసేసి కొత్త పొడిమట్టి వేయమన్నాడు. చెట్టు మొదట్లో తెల్ల ఆవాల ముద్ద పెట్టి, నువ్వులూ బూడిదా కలిపిన నీళ్లు పొయ్యమన్నాడు. ప్లాస్టిక్ కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయి, పైన ఆకు పాలిపోయి, లోపల వేరు నీళ్లలో నానిపోతున్న మొక్కకు ఇవాళ ఎవరైనా ఇచ్చే సలహా కూడా మట్టి మార్చమనే. మన మిద్దెల మీద పురుగు చంపిన మొక్కలకన్నా, ప్రేమకొద్దీ పొద్దునా సాయంత్రం నీళ్లు పోసి చంపినవే ఎక్కువ. పిత్తానికైతే పాలు, తేనె, అతిమధురం, ఇప్ప కషాయం, అంటే చలవచేసేవన్నమాట.

నాకు మరీ ఇష్టమైనది విరిగిన కొమ్మకు కట్టే కట్టు. జువ్వి, మేడి చెట్ల బెరడు నూరి, నెయ్యి, తేనె, పాలు, మద్యం కలిపి విరిగినచోట పూసి, రెండు ముక్కల్నీ దగ్గరికి చేర్చి వరిగడ్డి తాడుతో బిగించమంటాడు. ఎముక విరిగిన మనిషికి కట్టు కట్టినంత జాగ్రత్తగా రాశాడా భాగం. పురుగు పట్టిన చెట్టుకు పొగ వేయమన్నాడు. ఆ పొగకు వాడేవి తెల్ల ఆవాలు, వస, వాయువిడంగాలు, ఇంగువలాంటి ఘాటు సరుకులు. వాయువిడంగం పిల్లల కడుపులో నులిపురుగులకు ఆయుర్వేదం ఇచ్చే మందే. పురుగు బిడ్డ కడుపులో ఉన్నా చెట్టు మానులో ఉన్నా వైద్యుడు ఒకే సంచీలో చెయ్యి పెట్టాడు. ఆ ఇంగువ ఇప్పటికీ బతికే ఉంది. పుల్లమజ్జిగలో ఇంగువ కలిపి మిరప పూత మీద చల్లే ఇళ్లు మనకు ఎన్నో.

బలానికి కుణపజలం. జింక, పంది, చేప, మేక, గొర్రెలాంటి వాటి మాంసం, కొవ్వు, మూలుగ నీళ్లలో ఉడికించి, జిడ్డు పట్టిన కుండలో పోసి, పాలు, తెలికపిండి, తేనెలో ఉడికించిన మినుములు, నెయ్యి చేర్చి, వెచ్చని చోట పదిహేను రోజులు ఉంచమన్నాడు. ఏది ఎంత అన్న లెక్క మాత్రం లేదు. ఇవాళ మిద్దెతోటల వాళ్లు చేపల వ్యర్థాలూ బెల్లమూ సమానంగా కలిపి డబ్బాలో మాగబెట్టుకునేది దీని మనవరాలే. మాంసం ముట్టనివాళ్లకోసం ఆకులూ కలుపుమొక్కలతోనే కుణపజలం చేసే పద్ధతిని యశ్వంత్ లక్ష్మణ్ నేనే గారు ప్రచారంలోకి తెచ్చారు. ఆయన 2018లో కన్నుమూశారు.

సురపాలుడు చెప్పినవన్నీ ఫలిస్తాయని నేననను. పువ్వుల రంగు మార్చడానికీ, గింజలేని పళ్లు కాయించడానికీ ఆయన రాసిన చిట్కాల్లో ఊహ పాలే ఎక్కువ. కానీ మందుకు ముందు లక్షణం, లక్షణానికి ముందు రుతువు అడిగే ఆ క్రమం ఉంది చూశారా, దాన్ని పోగొట్టుకున్నందుకే నా బాధంతా. ఇప్పుడు మొక్క వాడిపోతే దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీ మందు కావాలని.

సురపాలుడికి ముందు కూడా ఈ చదువు ఉంది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చలి, గాలి, ఎండల వల్ల చెట్టుకు జబ్బు చేస్తుందనీ, చెడిన భాగాన్ని కత్తితో కోసేసి, విడంగాలు, నెయ్యి, బురద కలిపి పూయాలనీ, పాలు కలిపిన నీళ్లు పొయ్యాలనీ చెప్పాడు. ఇంకా వెనక, కౌటిల్యుడి 'అర్థశాస్త్రం'లో వ్యవసాయాధికారి విధుల మధ్య ఒక విచిత్రం: పత్తిగింజలూ పాము కుబుసమూ కలిపి పొగ వేస్తే ఆ పొగ ఉన్నచోట పాము నిలవదట. పెరట్లో గుమ్మడిపాదు కింద చెయ్యి పెట్టే మనిషికి పేనుబంకకన్నా పాము భయమే పెద్దది మరి.

పొరుగున చైనాలోనైతే మందే లేకుండా పని కానిచ్చారు. 304 ప్రాంతంలో జి హాన్ రాసినట్టు చెప్పే దక్షిణదేశపు మొక్కల గ్రంథంలో, చీమల గూళ్లను సంచుల్లో పెట్టి బజారులో అమ్మేవారని ఉంది. నారింజ తోటల వాళ్లు అవి కొని కొమ్మలకు కట్టేవారు. ఆ చీమలు లేకపోతే పళ్లన్నీ పురుగులపాలే. మన మామిడి చెట్ల మీద ఆకుల్ని కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఆ జాతివే. ఆ కుట్టుపని దగ్గరనుంచి చూడాలి. కొన్ని చీమలు వరసగా నిలబడి రెండు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. మరికొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని, వాటి నోటినుంచి వచ్చే పట్టుదారంతో ఈ అంచునుంచి ఆ అంచుకు కుడతాయి. పెరట్లో మామిడి ఉన్నవాళ్లు కుడతాయన్న భయంతో ఆ గూళ్లకు నిప్పు పెడుతుంటారు. తీసుకొచ్చి కట్టిన తోటమాలుల కథ తెలిస్తే ఆ చెయ్యి ఆగుతుంది.

సురపాలుడి తర్వాత కొన్ని వందల ఏళ్లు ఒక్క అంగలో దాటాలి. కన్నడంలో చావుండరాయడి 'లోకోపకారం' 1025లో వచ్చింది. 14వ శతాబ్దంలో శార్ఙ్గధరుడి సంకలనంలో తోటల భాగం ఉంది. ఆ తర్వాత పుస్తకాలకన్నా పెరళ్లే మాట్లాడాయి. ఆ పెరటి చదువు ఆడవాళ్ల చేతుల్లో ఉంది, వాళ్లు కాగితం మీద పెట్టలేదు. బియ్యం కడుగు పాదులకు, గిన్నెలు కడిగిన నీళ్లు అరటికి. కాకరపిందె కనిపించగానే పండు ఈగ గుడ్డు పెట్టకుండా పాతబట్ట చుట్టడం. పొద్దున్నే, మంచు తడి ఆరకముందే, పొయ్యిలో బూడిద జల్లించి బీర, వంగ, చిక్కుడు ఆకుల మీద చల్లడం. తడి ఆకుకు బూడిద అంటుకుంటుంది, మెత్తటి ఒంటి పురుగుల తడిని పీల్చేస్తుంది. వానొస్తే కడుక్కుపోతుంది, మళ్లీ చల్లుకోవాలి. గ్యాసు పొయ్యి రావడంతో వంటింటి పొగ పోయింది, ఆడవాళ్ల ఊపిరితిత్తులు బాగుపడ్డాయి, అది మంచికే. బూడిద మాత్రం ఇంట్లోంచి వెళ్లిపోయింది, దాంతోపాటు పొద్దున్నే ప్రతి ఆకునూ పలకరించే అలవాటూ పోయింది.

తాతల నాటి మందని మనం చెప్పుకునే పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయంలో మిరప 1498 తర్వాత పోర్చుగీసు ఓడల వెంట వచ్చింది. టమాటా, బొప్పాయి, జామ, సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సురపాలుడికి ఘాటంటే మిరియం, ఆవ, ఇంగువ. పొగాకు కథ ఇంకా బాగుంటుంది. అసద్ బేగ్ అనే రాయబారి బీజాపూరులో దాన్ని చూసి ముచ్చటపడి, 1604 ప్రాంతంలో అక్బరు దర్బారుకు పట్టుకెళ్లాడు. అదే 17వ శతాబ్దం ముగిసేలోపే యూరప్ తోటల్లో పొగాకు కషాయంతో పురుగుల్ని చంపుతున్నారు. వర్జీనియా పొగాకు 1920లో గుంటూరు సీమకు వచ్చాక మన పెరళ్లలోనూ ఆ కషాయం చేరింది. టమాటా, మిరప, వంగ పొగాకుకు ఒకే కుటుంబపు చుట్టాలు. పొగాకు మొజాయిక్ వైరస్ ఆకు నుంచీ ఆకు నలిపిన చేతి నుంచీ వీటికి అంటుకుంటుంది. అందుకని ఆ కషాయాన్ని వీటి దరికి రానివ్వకూడదు. నికోటిన్ మనిషికీ విషమే.

20వ శతాబ్దం గురించి ఎక్కువ రాయాలనిపించడం లేదు. డీడీటీ కీటకాల్ని చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ ఇచ్చారు. 1962లో రేచల్ కార్సన్ పుస్తకం దాని చేదును లోకానికి చెప్పింది. 1984 డిసెంబరులో భోపాల్‌ను చంపిన విషవాయువు, అప్పట్లో ఇంటి తోటల్లో సైతం చల్లిన కార్బరిల్ పొడి తయారీకి వాడిన రసాయనం. పురుగు చచ్చిందని సంతోషించే ముందు ఆ డబ్బా ఎక్కడ తయారైందో కూడా తలుచుకోవాలని భోపాల్ తర్వాత పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

ఆ చీకటి దశాబ్దాల్లోనే వేప మళ్లీ వెలుగులోకి వచ్చింది. 1959లో సూడాన్ మీద మిడతల దండు పడి పచ్చదనమంతా మేసేసి పోతే, మన దేశపు వేపచెట్లు మాత్రం ఆకులతో నిలబడి ఉండటం జర్మనీ కీటకశాస్త్రవేత్త హైన్‌రిష్ ష్ముటరర్ చూశాడు. 1962లో ఢిల్లీలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పొడి కలిపిన నీళ్లు చల్లిన పంటను మిడతలు ముట్టలేదని చూపించారు. 1968లో ఆ గింజలోంచి అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. దాన్ని ప్రయోగశాలలో మొదటినుంచి నిర్మించడానికి కేంబ్రిడ్జ్‌లోని స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టింది, 2007లో సాధించారు. ఈలోగా వేపనూనెను తెగులు మందుగా వాడే పద్ధతి మీద యూరప్‌లో పేటెంటు పుట్టింది. మనవాళ్లు పోరాడి దాన్ని 2000లో రద్దు చేయించారు, 2005లో ఆ రద్దే ఖాయమైంది. ఆనాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల అనే చిన్న ఊరు వేపగింజల కషాయంతో, పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయంతో పత్తి పండించి, 2004 నాటికి పురుగుమందు లేని ఊరిగా ప్రకటించుకుంది.

బొప్పాయి సంగతి కూడా చెప్పాలి. 2008లో కోయంబత్తూరులో కనబడిన ఒక పిండినల్లి చూస్తుండగానే దక్షిణాది పెరళ్లలో బొప్పాయి, మందారం, మల్బరీల మీద తెల్లగా పేరుకుపోయింది. మెక్సికో వైపు నుంచి శత్రువుల్ని వదిలేసి వచ్చిన పురుగది. 2010లో ప్యూర్టోరికో నుంచి మిల్లీమీటరైనా లేని ఒక కందిరీగ జాతిని తెచ్చి వదిలారు. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల దాన్ని లోపలినుంచి తినేస్తుంది. కొన్ని నెలల్లోనే బొప్పాయి తేరుకుంది. అంతకుముందు ఎన్ని మందులు కొట్టినా మైనపు పొర దాటి లోపలికి దిగలేదు.

ఇప్పుడు హైదరాబాదు మిద్దెల మీద మళ్లీ ఆనప, బీర, పాలకూర కనబడుతున్నాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు మిద్దెతోటను రాసీ చూపించీ ఎందరికో అలవాటు చేశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట రెండే. చిక్కుడు చిగురు మీద నల్లగా పేనుబంక కనబడితే దాని చుట్టూ చీమలున్నాయేమో చూడండి. పేనుబంక కార్చే తీపి రసం కోసం చీమలే దాన్ని కాపలా కాస్తాయి. చీమల దారి కట్టేస్తే అక్షింతల పురుగులొచ్చి మిగతా పని చేసుకుపోతాయి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, బట్టలో మూటగట్టి రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిండి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి, ఎండకు అజాడిరాక్టిన్ విరిగిపోతుంది కాబట్టి. ఆకు తినే పురుగు ఆ మందుకు వెంటనే చావదు. ఆకు మీదే ఉండి తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక నెమ్మదిగా రాలిపోతుంది. మర్నాడు అది కదలడం చూసి ఘాటైన మందు కోసం దుకాణానికి వెళ్లేవాళ్లు చాలామంది. వారం ఆగి, కొత్త చిగురును తిప్పి అడుగుభాగం చూస్తే మళ్లీ చల్లాలో అక్కర్లేదో తెలుస్తుంది.