పంటి మచ్చకు మందు లేదు, మంచినీళ్లే దారి

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ పళ్ల గురించి.

పంటి వైద్యం అంటే మనకు తెలిసిన లెక్క ఒకటే. నొప్పి లేస్తే పోవడం, పుచ్చితే నింపించుకోవడం, అదీ కాకపోతే పీకించుకోవడం. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక తీర్మానం చేసింది. చికిత్స మీదనే నడిచే ఈ పద్ధతి మారాలి, పన్ను చెడకుండా ముందే చూసుకోవాలి అని. వినడానికి కొత్త మాటలా ఉంది కదా? కానీ మన జనగామ పక్కనే ఉన్న నల్లగొండ ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

కథ అమెరికాలో మొదలైతది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే పంటి డాక్టర్ కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇంకో వింత ఏందంటే, ఆ మచ్చల పళ్లు అంత తొందరగా పుచ్చవు. కారణం 1931లో దొరికింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్. తర్వాత ట్రెండ్లీ డీన్ అనే శాస్త్రవేత్త ఊరూరి లెక్కలు తీశాడు. లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర ఉంటే పిప్పళ్లు తగ్గుతాయి, మచ్చలు పెద్దగా రావు. అది చూసి 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పిప్పళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి.

వాళ్లు కలిపారు. మనకేమో తీయాల్సి వచ్చింది.

1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో షార్ట్, ఆయన తోటి డాక్టర్లు ఒక వ్యాసం అచ్చు వేశారు. అప్పటి నెల్లూరు జిల్లా, అంటే దర్శి, పొదిలి, కనిగిరి వైపు, జనం నడుములు బిగుసుకుపోతున్నాయి, పళ్లు పాడవుతున్నాయి, దానికి కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని. 1940లలోనే నల్లగొండలోనూ ఇదే బయటపడింది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. పంటి పైపొర, ఎనామిల్, చిగురు లోపల ఉన్నప్పుడే తయారైతది. దాదాపు ఎనిమిదేళ్ల వయసుకల్లా ఆ పని అయిపోతది. ఆ లోపల ఫ్లోరైడ్ ఎక్కువైతే మచ్చ పడతది. పైపైన తెల్లగా చేయించుకోవచ్చు గానీ, ఎనామిల్ మళ్లీ కొత్తగా పుట్టదు. అంటే ఒక మనిషి పళ్లు చూస్తే, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగాడో రాసిపెట్టినట్టే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రిలీజ్ అయ్యాక ప్యాచ్ వేయలేని బగ్ ఇది.

1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్లలో పటిక, సున్నం కలిపితే ఫ్లోరైడ్ తెట్టెలా కట్టి అడుగుకు దిగుతుంది. ప్రపంచమంతా దీన్ని 'నల్లగొండ టెక్నిక్' అంటారు. పేరు మనదే. కానీ పటిక మోతాదు నీటిని బట్టి మార్చాలి, మడ్డి తీసి పారబోయాలి, రోజూ ఒక మనిషి చూసుకోవాలి. ఊరి ప్లాంట్లకు అదే కష్టం. అసలు కావాల్సింది బోరు కాదు, నది నీళ్లు.

ఆ నీళ్ల కోసం 1996లో ఏం చేశారో వినండి. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి వందల మంది నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 480 మంది! బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. అదే సంవత్సరం పార్లమెంట్ లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. అడిగింది నీళ్లు, ముందు పెరిగింది డిపాజిట్. తర్వాత కృష్ణా నీళ్లు మెల్లమెల్లగా వచ్చాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఇంటింటికీ నల్లా పెట్టే పని చేపట్టింది.

1937 నుంచి 2016 దాకా లెక్క వేయండి, 79 ఏళ్లు. కారణం తెలియక కాదు ఇంత ఆలస్యం. పన్ను నొప్పి ఉన్నవాడు క్లినిక్ ముందు లైన్లో కనిపిస్తాడు. రాబోయే మచ్చ ఎవరికీ కనిపించదు. చికిత్సకు ఒక కుర్చీ, ఒక డాక్టర్ చాలు. నివారణకు పైపులైన్ కావాలి, బడ్జెట్ కావాలి, అడిగే జనం కావాలి. అందుకే ఇది డాక్టర్ల పని మాత్రమే కాదు.

మరి మనం చేసేదేంది? ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుండి, బోరు నీళ్లే తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు వద్దు. కాచి తాగితే పోతదిలే అనుకోకండి. కాచితే నీళ్లు తగ్గుతాయి, ఫ్లోరైడ్ అట్లనే ఉంటది. పేస్టు కూడా మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. మింగనీయకండి, ఉమ్మేయించండి. ఈ పనులకు అపాయింట్‌మెంట్ అక్కర్లేదు.