మంచు టైరు, బురద టైరు: మన బండి చక్రం కథ

చలికాలం వచ్చిందంటే చాలు, వాతావరణ వార్తల్లో సిర్పూర్, తిర్యాణి పేర్లు వినబడతాయి. రాష్ట్రంలో బాగా చలి పెట్టే ఊర్లు మన ఆసిఫాబాద్ జిల్లాలోనే ఉన్నాయి. అయినా ఇక్కడ మంచు కురవదు, పొద్దున పొగమంచు పడుతుంది, అంతే. మరి మంచు టైర్ల ముచ్చట మనకెందుకు?

ఎందుకంటే మనకు రేగడి ఉంది. వాన పడ్డ రేగడి మీద పికప్ నడిపినోళ్లకు తెలుసు, బ్రేక్ తొక్కితే బండి ఎటు జారుతదో. మంచులో లారీ డ్రైవర్ పడే తిప్పలే ఇక్కడ మనమూ పడుతున్నం. అందుకే ఇవ్వాళ చక్రం చరిత్ర చూద్దాం.

మొదట ఎడ్లబండి. కట్టె చక్రం, మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులు, పైన ఇనుప పట్టా. పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు పోస్తారు. చల్లారితే అది ముడుచుకొని కట్టెను గట్టిగా పట్టేస్తుంది. చక్రం ఎత్తుగా ఉంటుంది కాబట్టి గుంతలు, రాళ్లు సులువుగా దాటుతుంది. కానీ పట్టా సన్నగా ఉంటది. బరువంతా ఆ సన్నటి గీత మీదే పడి మెత్తటి నేలను కోసేస్తుంది. బండ్ల బాటల్లో లోతైన గాడులు పడేది అందుకే. నాగోబా జాతరకు కేస్లాపూర్ వచ్చే మెస్రం వంశస్తులు ఇప్పటికీ ఎడ్లబండ్లు కట్టుకొని వస్తారు. ఈ నేల మీద ఆ చక్రానికి అంత పాత సంబంధం.

తర్వాత గాలి టైరు వచ్చింది. 1845లో రాబర్ట్ థామ్సన్ దానికి పేటెంట్ తీసుకున్నడు, కానీ అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1888లో పశువుల డాక్టర్ జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం మళ్లీ తయారు చేస్తే, అప్పుడు ప్రపంచమంతా పాకింది. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత ఎడ్లబండికి కూడా రబ్బరు చక్రాలు ఎక్కాయి. మనం 'టైరు బండి' అనేది దాన్నే. వెడల్పు టైరు బరువును పరిచేస్తుంది, నేలను కోయదు, ఎడ్లకూ శ్రమ తగ్గుతుంది.

అదే కాలంలో ఫిన్లాండ్‌లో ఇంకో సమస్య. మంచు పడితే లారీలు కదలవు, సరుకు ఊర్లకు చేరదు. 1934లో అక్కడి ఒక రబ్బరు కంపెనీ 'కెలిరెంగాస్' అనే మంచు టైరు తెచ్చింది. అది మొదట కార్ల కోసం కాదు, లారీల కోసం చేసిందే. టైరుకు అడ్డంగా లోతైన గాళ్లు పెట్టారు, మంచును కరిచిపట్టాలని.

ఇప్పుడు అసలు పాయింట్ వినండి. కొన్ని టైర్ల పక్కన 'ఎం ప్లస్ ఎస్' అని రాసి ఉంటుంది. అంటే మడ్, స్నో. బురద, మంచు రెండింటికీ ఒకటే ముద్ర! కానీ ఈ రెండూ అడిగేది ఒకటి కాదు. మంచులో గాడి నిండా మంచు ఇరుక్కోవాలి, ఎందుకంటే మంచు మంచునే బాగా పట్టుకుంటుంది. బురదలో అది ఉల్టా. గాడిలో చేరిన రేగడి తిరిగే టైరు నుంచి ఎగిరిపోవాలి. లేకపోతే టైరు నున్నటి మట్టిముద్ద అవుతుంది. అందుకే బురద టైరుకు పెద్ద గడ్డలు, వాటి మధ్య వెడల్పు సందులు ఉంటాయి. మంచు టైరుకేమో సన్నటి చీలికలు, మెత్తటి రబ్బరు ఉంటాయి. 7 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది.

కెనడాలో ఉన్న మనోళ్లకు ఇది బాగా తెలుసు. క్యూబెక్‌లో 2008 నుంచి చలికాలంలో మంచు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. నాలుగు చక్రాలకూ వేయించాలి, రెండింటికే వేస్తే బండి అదుపు తప్పొచ్చు. కొండ, మంచుపువ్వు బొమ్మ ఉన్న టైరు మంచులో పరీక్ష నెగ్గినది. ఒట్టి 'ఎం ప్లస్ ఎస్' అక్షరాలకు ఆ పరీక్ష అక్కర్లేదు.

మరి ఆసిఫాబాద్‌లో? మంచు టైరు వద్దు. మన ఎండలకు ఆ మెత్తటి రబ్బరు తొందరగా అరిగిపోతుంది. పత్తి మోసే పికప్‌కు బరువు తట్టుకునే టైరే వేయాలి. 'ఎల్‌టీ' అంటే చిన్న ట్రక్కు కోసం చేసినదని. కారు టైరు చౌకగా వచ్చిందని తగిలించొద్దు. ఎక్కువ తారురోడ్డు మీద తిరిగితే మామూలు గాళ్లు చాలు, గూడేల మట్టిబాట రోజూ ఉంటే వెడల్పు సందుల టైరు తీసుకోండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాల్సిందే. వానాకాలంలో అయితే అంతదాకా ఆగొద్దు. వాగు అవతల గూడెంలో జ్వరమొచ్చినోళ్లను దవాఖానకు తెచ్చేది చాలాసార్లు ఆ పికప్ బండే.

పట్టా నుంచి టైరు దాకా చక్రం మారింది గానీ ప్రశ్న మారలేదు: ఏ నేల మీద, ఎంత బరువుతో పోతున్నం? షాపులో ధర అడిగే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోండి. మీ ఊరి బాటకు ఏ టైరు ఆగిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!