వేలమునకు వచ్చిన ఇల్లు

1802లో చెన్నపట్టణపు దొరతనమువారు శాశ్వత శిస్తు పద్ధతిని నెలకొల్పి, విశాఖపట్టణ మండలమందలి హవేలీ భూములను ఎస్టేటులుగా విభజించి విక్రయించిన నాటినుండి, ఆస్తిని బహిరంగముగా పాటపెట్టి అమ్ముట అనకాపల్లి సీమవారెరిగిన విషయమే. అయినను అప్పిచ్చినవాడు తాకట్టు ఇంటిని తనంతట తానే అమ్ముకొనుటకు చిరకాలము వీలులేకుండెను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టపు 69వ సెక్షను ఆ యధికారమును చెన్నపట్టణము, కలకత్తా, బొంబాయి వంటి మహానగరముల ఆస్తులకును, మఱికొన్ని ప్రత్యేక సందర్భములకును పరిమితము చేసినది. కావున అనకాపల్లిలో ఇల్లు కుదువబెట్టుకొన్న షావుకారు దావా వేసి, డిక్రీ పొంది, 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు ననుసరించి తప్పెట మ్రోగించి చాటింపు వేయించిన పిమ్మటగాని పాట జరుగుటకు వీలులేదు. పాట ముగిసినను, ఋణస్థుడు బాకీతోపాటు పాడుకొన్నవానికి నూటికి అయిదు చొప్పున చెల్లించి, గడువులోగా తన ఇంటిని దక్కించుకొనవచ్చును. ఆ నిబంధనలోని దయాదృష్టి నాకు మిక్కిలి గౌరవపాత్రము.

కోర్టులలో దావాలు ఏండ్ల తరబడి నిలిచిపోవుటచే బ్యాంకుల సొమ్ము చిక్కుకొన్నది. మైదవోలు నరసింహం అధ్యక్షతన 1991లోను, 1998లోను నివేదికలు సమర్పించిన కమిటీలు ఈ జాడ్యమును ఎత్తిచూపగా, 1993లో ఋణవసూలు ట్రిబ్యునళ్ల చట్టమును, 2002లో సర్ఫేసీ చట్టమును వచ్చినవి. ఈ రెండవది పూర్వపు 69వ సెక్షనును ప్రక్కకు నెట్టి, అరువది దినముల నోటీసిచ్చి కోర్టు గడప త్రొక్కకయే ఇంటిని స్వాధీనపరచుకొను అధికారమును బ్యాంకున కొసగినది. ఇల్లు ఖాళీ చేయించుటకు జిల్లా మేజిస్ట్రేటగు కలెక్టరు సాయము కోరవచ్చును. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి క్రొత్త జిల్లాగా ఏర్పడుటతో, విశాఖ కలెక్టరు నాశ్రయించు అవసరము తొలగి, ఆ పని అనకాపల్లి కలెక్టరు చేతికి వచ్చినది. శారదానదీ తీరపు చెఱకు మళ్లవంటి వ్యవసాయ భూములకు ఈ చట్టము వర్తింపకపోవుట రైతులపాలిటి రక్ష.

బాకీ చెల్లించి ఇంటిని విడిపించుకొను ఋణస్థుని విమోచనాధికారము మాత్రము క్రమముగా కుంచించుకొనిపోయినది. విక్రయము పూర్తియగువఱకు ఉండిన గడువును 2016 నాటి సవరణ, వేలము ప్రకటన వెలువడుటతోడనే ముగించినది. బ్యాంకుల అవసరము నెఱిగియు, ఇది కఠినమని నేను తలంతును.

ఇక పాడుకొనువాని సంగతి: అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో వర్తకుడు దిమ్మను కన్నులార చూచి ధర పలుకును. బ్యాంకులు అంతర్జాలమున జరుపు ఈ-వేలములో ఇల్లు పాడువానికి ఒక్కొక్కప్పుడు గడప లోపలికి పోవు వీలైనను ఉండదు. బ్యాంకు స్వాధీనము కాగితము మీదిదో, తాళము వేసినదో ముందుగా విచారింపవలెను. "ఉన్నది ఉన్నట్లుగా" అను షరతుచే ఇంటిపన్ను బకాయిలు నెత్తిన పడవచ్చును. విశాఖ ట్రిబ్యునలులో పాత యజమాని దరఖాస్తు పెండింగులో నున్నదేమో తెలిసికొనకయే నాలుగవవంతు సొమ్ము కట్టరాదు. తక్కినది సాధారణముగా పదునైదు దినములలో చెల్లింపవలసియుండును. బ్యాంకు బాకీయు ఖర్చులును పోను మిగిలిన ధనము, ఇతర హక్కుదారులు లేనిచో, ఇల్లు పోగొట్టుకొన్న వానికే చెందును. దానిని అడిగి పుచ్చుకొనుట అతని హక్కు.