బ్లాక్లీ గాలిపటము

1819లో లండను వైద్యుడు జాన్ బోస్టాక్ ఒక వింతవ్యాధిని వర్ణించెను. రోగి ఆయనయే! ఏటేటా జూన్ మాసములో కండ్లమంట, తుమ్ములు, ఆయాసము. ఎండవేడిమియే కారణమని ఆయన తలచెను. కోసిన గడ్డివాసన కారణమని జనులు చెప్పుకొనిరి. ‘ఎండుగడ్డి జ్వరము’ అను పేరు అట్లు వచ్చినదే. నిజమునకు ఇందు జ్వరముండదు.

మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ కూడ ఈ వ్యాధిపీడితుడే. వేడిమి, వెలుతురు, దుమ్ము, వాసనలు—ఒక్కొక్కదానిని ఆయన తనపైననే పరీక్షించి చూచెను. చర్మమును గీరి పుప్పొడి రుద్దగా అచట దద్దురు లేచెను. జిగురు పూసిన గాజుపలకలను గాలిపటమునకు కట్టి వెయ్యి అడుగులకు పైగా ఎగురవేసి, అంటుకొనిన రేణువులను సూక్ష్మదర్శినితో లెక్కించెను. (పలకల ప్రయోగమును మన విద్యార్థులు మేడపైననే చేయవచ్చును.) దోషి పుప్పొడియేయని 1873లో గ్రంథము ప్రకటించెను.

కాని ఒక చిక్కు మిగిలెను. నిత్యము గడ్డిలో పనిచేయు రైతులకు ఈ జబ్బు అరుదు; చదువుకొన్నవారికే హెచ్చు. ఏల?

1906లో వియన్నా వైద్యుడు పిర్కే ఇట్టి విపరీతస్పందనకు ‘ఎలర్జీ’ అని పేరు పెట్టెను. 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులు దీనికి మూలమైన ప్రతిరక్షకమును, అనగా ఐజి-ఇని, ప్రకటించిరి. హానిలేని పుప్పొడిని శత్రువని భ్రమించి, దాని ప్రేరణచే ముక్కుపొరలలోని కణములు హిస్టమిన్ వెదజల్లును. రైతుల చిక్కు మాత్రము శతాబ్దాంతమువరకు కదలలేదు. అపుడు ఆల్ప్స్ ప్రాంతపు పరిశీలనలలో, పసితనమునుండి పశువుల కొట్టములలో తిరిగిన పిల్లలకు ఈ జబ్బు తక్కువని తేలినది. కొట్టపు ధూళిలోని సూక్ష్మజీవులు రోగనిరోధకవ్యవస్థకు చిన్ననాడే ఓర్పు నేర్పునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.