వాసెన విప్పిన జాడీలు

హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్తగా పాలు పొంగించిన అపార్టుమెంటుకి వెళ్తే, ఈ మధ్య గుమ్మం పక్కనే ఒక పాత పరిచయం ఎదురవుతోంది. పైన గోధుమరంగు, కింద మీగడరంగు, మెడ కింద గుండ్రటి భుజాలు. ఒకప్పుడు వెనకింటి చీకటి కొట్లో, మడి కట్టుకున్నవాళ్లు తప్ప మరొకరు ముట్టకూడని ఆవకాయ జాడీ. ఇప్పుడు దాన్నిండా ఎండు రెల్లుపూలు. కొందరు మనీప్లాంటు వేస్తున్నారు. ఇంకాస్త ఉత్సాహం ఉన్నవాళ్లు పెద్ద జాడీ మీద గాజుపలక పరిచి టీపాయ్ చేస్తున్నారు. ఊరగాయ ప్లాస్టిక్ డబ్బాలోకి దిగింది, జాడీ ముందుగదిలోకి ఎక్కింది.

చూసిన పెద్దవాళ్లు ముక్కున వేలేసుకుంటారు గానీ, ఈ ఎక్కడం కొత్తదేమీ కాదు. సరుకు మోయడానికి పుట్టిన జాడీ, సరుకు అయిపోయాక ఇంటి అలంకారమవడం ఆసియా సముద్రాల చుట్టూ కొన్ని వందల ఏళ్లుగా జరుగుతున్నదే.

మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1340లలో చైనాకి ఓడలో వెళ్తూ దారిలో తవాలిసీ అనే దేశంలో ఆగానని చెప్పుకున్నాడు. అది ఏ దేశమో పండితులు నేటికీ తేల్చలేదు. అక్కడి రాకుమార్తె అతనికి ఇచ్చిన కానుకల్లో నాలుగు మర్తబాన్‌లు ఉన్నాయి. వాటిలో అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు. అన్నీ ఉప్పులో ఊరినవి, సముద్రం మీద పాడవకుండా. మిరపకాయ అప్పటికింకా అమెరికా ఖండం దాటలేదు కాబట్టి కారం మాత్రం లేదు. తక్కినదంతా తెలుగు వంటింటికి తెలిసిన వ్యవహారమే.

మర్తబాన్ అంటే ఊరి పేరు. బర్మాలో మౌల్మీన్‌కి ఎదురుగా, నది అవతలి ఒడ్డున ఉన్న రేవు, ఇప్పటి పేరు మొత్తమ. 1516 ప్రాంతంలో పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బార్బోసా అక్కడి నల్లటి మెరుగు పూసిన పెద్ద జాడీల గురించి, వాటిని ముస్లిం వర్తకులు ఎగబడి కొనడం గురించి రాశాడు. శతాబ్దం చివర్లో డచ్చివాడు లిన్‌ష్కోటెన్ ఇవి భారతదేశమంతటా చేరేవని, పోర్చుగీసు ఓడల్లో నూనెకీ నీళ్లకీ పీపాలకు బదులు ఇవే వాడేవారని చెప్పాడు. ఆ పేరుతో చలామణి అయినవన్నీ మర్తబాన్‌లో చేసినవి కావు. దక్షిణ చైనావి, సయాంవి కూడా అందులో కలిసిపోయాయి. పెడనలో అద్దిన బట్ట బందరులో ఓడెక్కి బందరు అద్దకం అయినట్టే ఇదీను. ఉర్దూలో ఊరగాయ జాడీని నేటికీ మర్తబాన్ అనే అంటారు.

తెలుగు తీరానికీ బర్మా తీరానికీ రాకపోకలు గట్టివి. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో బందరు ఓడలు బట్టలతో పెగూ రేవులకు వెళ్లేవి. తరవాతి కాలంలో కోరంగి నుంచి కూలికి వెళ్లిన జనం ఎంతమందంటే, బర్మాలో తెలుగువాడి పేరే కోరంగీ అయిపోయింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించిన మోటుపల్లిలో చైనా పాత్రల పెంకులు దొరికాయి.

జాడీ ఎంత పనికొచ్చే వస్తువో తెలియాలంటే 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర బయటపడిన తొమ్మిదో శతాబ్దపు ఓడను చూడాలి. చైనా నుంచి పడమటికి వెళ్తూ మునిగిన ఆ ఓడలో సుమారు 60,000 పింగాణీ, మట్టి పాత్రలు. ఆ గిన్నెల్లో చాలావాటిని పెద్ద జాడీల్లో చుట్లు చుట్లుగా పేర్చి పంపారు. అంటే జాడీ అక్కడ సరుకు కూడా కాదు, వట్టి ప్యాకింగు.

అలాంటి ప్యాకింగుకి పిచ్చి ధర పలికింది జపానులో. అక్కడ వసంతంలో కోసిన తేయాకును జాడీలో నింపి, మూతికి సీలు వేసి, చలికాలం మొదట్లో అతిథుల ముందు విప్పేవారు. మన ఇళ్లలో మూడోనాడు వాసెన గుడ్డ విప్పి ఆవకాయ తిరగకలిపే ఘట్టం లాంటిదే, కాకపోతే ఇంకొంచెం వేడుకగా. ఆకు బాగా నిలిచేది దక్షిణాది నుంచి వచ్చిన పాత జాడీల్లోనేనని వాళ్ల నమ్మకం. ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ నుంచి 1594లో సుకెజయెమోన్ అనే సకాయ్ వర్తకుడు 50 జాడీలు తెచ్చి ఏలిక హిదెయోషికి చూపించాడు. వాటిని ఒసాకా కోటలో వరసగా నిలబెడితే సామంతులు పోటీలు పడి కొన్నారట. మూడేళ్ల తరవాత మనీలా నుంచి నాగసాకి చేరిన ఫ్లోరెన్సు వర్తకుడు కార్లెత్తి, దిగీ దిగకముందే అధికారులు ఓడెక్కి వెతికింది ఈ జాడీల కోసమేనని రాశాడు. దాచినవాడికి మరణశిక్ష. మనీలాలో ఉద్యోగం చేసిన మోర్గా 1609లో అచ్చయిన పుస్తకంలో ఇవి గోధుమరంగువని, చూపుకి ఆనేవి కావని తేల్చేస్తూనే, జపానువాళ్లు వీటికి బంగారు తాపడం చేయించి పట్టు సంచుల్లో దాస్తారని ఆశ్చర్యపోయాడు.

ఆ వేలంవెర్రికి మిగిలిన సాక్షి ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ మ్యూజియంలో ఉంది. దక్షిణ చైనాలో పదమూడు, పద్నాలుగు శతాబ్దాల నాడు తయారైన మామూలు జాడీ. మూరెడు ఎత్తు, భుజం మీద తాడు కట్టడానికి నాలుగు చెవులు. జపాను చేరాక దానికి నామకరణం జరిగింది, చిగుసా అని. మూతికి చైనా పట్టుగుడ్డ, చెవులకు నీలిరంగు పట్టుతాళ్ల అల్లికలు, ఒకదానిలో ఒకటి ఇమిడే పెట్టెలు, ఎవరు రాశారో తెలిసే ఉత్తరాలు. పదహారో శతాబ్దపు తేనీటి దినచర్యల్లో అతిథులు దాని పూత ఎక్కడ ఎలా జారిందో వర్ణించి రాసుకున్నారు. పెళ్లికూతురికి కూడా అంత అలంకారం ఉండదు.

బోర్నియో దయాకులు మరో దారి పట్టారు. డ్రాగన్ బొమ్మల జాడీలను ఉమ్మడి పొడవిళ్లలో గోడ వెంబడి వరసగా పెట్టుకుంటారు. అవి ఆ ఇంటి ఆస్తి, పరువు. తప్పు చేసినవాడు జరిమానా కూడా జాడీల్లోనే కట్టేవాడు.

మన జాడీ ఇంత ఘనత ఎరగదు. అందరూ పింగాణీ జాడీ అంటారు గానీ అది పింగాణీ కూడా కాదు. పింగాణీకి తెల్లటి కేయొలిన్ మట్టి కావాలి. పలచగా చేస్తే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. ఇది స్టోన్‌వేర్, 1200 డిగ్రీల వేడిలో రాయిలా గట్టిపడే మట్టి. నీరు దాదాపు పీల్చదు, పులుపుకి లొంగదు. ఇత్తడిలో చిలుము పట్టే ఊరగాయ ఇందులో ఏడాది నిలుస్తుంది. పాత పద్ధతిలో బట్టీ బాగా వేడెక్కాక గుప్పెళ్లతో ఉప్పు విసిరేవారు. ఆ ఆవిరి మట్టిలోని ఇసుకతో కలిసి గాజుపూత అయ్యేది. 1830లలో ఇంగ్లండులోని బ్రిస్టల్ కుమ్మరులు ఉప్పు మానేసి, ముంచి తీసే పూత కనిపెట్టారు. పైభాగాన్ని ఒక పూతలో, కిందిభాగాన్ని మరో పూతలో ముంచడం అప్పుడే మొదలైంది. మన జాడీల రెండు రంగులు ఆ వాడుకను తలపించేవే.

ముందుగదిలో పెట్టుకున్నవాళ్లకి ఒక చిక్కు మాత్రం తప్పదు. పూత మీద వెంట్రుకవాసి బీటలున్న పాత జాడీ, ఏళ్ల కిందట ఖాళీ చేసి కడిగిందే అయినా, వానాకాలం పోయి ఎండ కాసేసరికి ఒంటి మీద తెల్లటి నూగు వదులుతుంది. బీటల్లోకి ఇంకిన ఉప్పు గాలిలో చెమ్మకి కరిగి, ఆరేటప్పుడు పైకి తేలి గడ్డకడుతుంది. అది పూతను పెచ్చులుగా లేపేస్తుంది. 1600లో మనీలా దగ్గర మునిగి 1990లలో పైకి వచ్చిన శాన్ దియెగో ఓడలో మర్తబాన్‌లతో సహా ఏడు వందలకు పైగా జాడీలు దొరికాయి. సముద్రం నుంచి తీసిన అలాంటి జాడీలకు మ్యూజియంవాళ్లు చేసే చికిత్స ఇంట్లోనూ పనిచేస్తుంది: మంచినీళ్లలో ముంచి, రోజుల తరబడి నీళ్లు మారుస్తూ, నీళ్లలోకి ఉప్పు దిగడం ఆగేవరకూ నానబెట్టడం. రెల్లుపూలు ఆ తరవాత.